సీజను ముగిశాక ఇల్లు గడిచేదెలా? పార్సిళ్ళు చేరవేసే సోదరుల కోసం కొన్ని మాటలు

దసరాకు ముందు మొదలై దీపావళి దాటేవరకు మన పట్టణాల వీధుల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. వీపున తలకు మించిన సంచీ, బండి ముందు మరో సంచీ, చేతిలో ఫోను పట్టుకుని ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేసే యువకులు. వీరిలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసినవారు, డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం దొరకనివారు, గల్ఫ్ దేశాల నుంచి తిరిగొచ్చి ఇక్కడ ఏదో ఒక ఆధారం వెతుక్కుంటున్నవారు, పగలు మెకానిక్ షాపులో పనిచేసి సాయంత్రం బండి తీసేవారు, ఇలా అన్ని రకాల వారూ ఉన్నారు.

ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2014 అక్టోబరు 6న తన తొలి 'బిగ్ బిలియన్ డే' అమ్మకం జరిపింది. ఆ తర్వాత పండుగల ముందు భారీ తగ్గింపు ధరలతో అమ్మకాలు పెట్టడం ఈ వ్యాపారంలో ఆనవాయితీగా మారింది. ఆ కొద్ది వారాల్లో వచ్చిపడే సరుకును సర్దడానికి, మోయడానికి, ఇళ్ళకు చేర్చడానికి వేలాది మంది అదనంగా కావాలి. 2024లో అమెజాన్ సంస్థ ఒక్కటే దేశమంతటా 1,10,000కు పైగా తాత్కాలిక పనులు కల్పిస్తామని ప్రకటించింది. అలా పనిచ్చిన నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది. శంషాబాద్, మేడ్చల్ వైపు ఉన్న పెద్ద గోదాముల్లో రాత్రింబవళ్ళు షిఫ్టులు నడుస్తాయి.

తర్వాత ఏం జరుగుతుంది? పండుగలు వెళ్ళిపోతాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం వరకు కొంత పని మిగులుతుంది. జనవరి వచ్చేసరికి హబ్ నుంచి ఫోన్ రాదు. కొందరికి "రేపటి నుంచి రావద్దు" అని చెబుతారు. కొందరికి ఆ మాట కూడా చెప్పరు, ఉదయాన్నే ఫోన్ తెరిస్తే ఐడీ పనిచేయదు, అంతే. పని మిగిలినవారికి కూడా రోజుకు వచ్చే పార్సిళ్ళు సగానికి పడిపోతాయి. పార్సిల్‌కు ఇంత అని లెక్కగట్టే పనిలో పార్సిళ్ళు తగ్గితే కూలీ తగ్గినట్లే. పెట్రోలు ధర, ఇంటి అద్దె మాత్రం తగ్గవు.

జుముఆ నమాజు తర్వాత మమ్మల్ని కలిసే యువకుల్లో కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా! రిజ్ఖ్ అల్లాహ్ చేతిలో ఉందని మీరు ప్రసంగాల్లో చెబుతుంటారు. మరి నా రిజ్ఖ్‌ను కంపెనీవాడు ఒక్క బటన్ నొక్కి ఆపేశాడు కదా?" ఈ ప్రశ్న విని కోపగించుకునే పెద్దలు ఉన్నారు. కోపగించుకోవలసిన పని లేదు. ఆకలి నుంచి పుట్టిన ప్రశ్నకు మందలింపు జవాబు కాజాలదు.

ఉపాధి వేరు, ఉపాధి వచ్చే దారి వేరు

భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని సూరె హూద్‌లో స్పష్టంగా ఉంది. అయితే ఆ ఉపాధి ఫలానా హబ్ నుంచి, ఫలానా ఐడీ ద్వారానే వస్తుందని ఎక్కడా లేదు. హబ్ ఒక కారణం మాత్రమే. ధర్మ పండితులు దీన్ని 'సబబ్' అంటారు. ఒక సబబ్ మూసుకుపోతే మరో సబబ్ వెతకడం దాసుని పని, దాన్ని తెరవడం ప్రభువు పని. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో గూటి నుంచి వెళ్ళి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తాయని దైవప్రవక్త (సఅసం) తవక్కుల్‌ను వివరిస్తూ ఇచ్చిన ఉపమానం అందరికీ తెలిసినదే. అందులో పక్షి గూటిలో కూర్చోలేదు, బయలుదేరింది. ఈ ముక్కను మనం తరచుగా మరచిపోతాము.

ఉపాధి రుతువులను బట్టి మారడం కొత్త సంగతి కూడా కాదు. మక్కాలో పంటలు పండే నేల లేదు. ఖురైషులు చలికాలంలో ఒక దిక్కుకు, వేసవిలో మరో దిక్కుకు వర్తక ప్రయాణాలు చేసి బ్రతికేవారు. ఆ రెండు ప్రయాణాలనూ అల్లాహ్ తన అనుగ్రహంగా సూరె ఖురైష్‌లో ప్రస్తావించాడు. మన పల్లెల్లో నాట్లకు, కోతలకు మధ్య ఖాళీగా ఉండే కూలీల బ్రతుకు కూడా ఇదే కదా! తేడా ఒక్కటే. వ్యవసాయ కూలీకి ఎప్పుడు పని ఉండదో తాతల నాటి నుంచి తెలుసు, అందుకు తగిన అలవాట్లు ఆ ఇళ్ళలో ఉన్నాయి. డెలివరీ పనికి మన ఇళ్ళలో ఇంకా అలాంటి అలవాట్లు ఏర్పడలేదు. సీజను డబ్బును శాశ్వత జీతంగా భావించి ఖర్చుపెట్టడం, తర్వాత అప్పులపాలు కావడం ఇందువల్లనే జరుగుతోంది.

యూసుఫ్ (అలై) నేర్పిన లెక్క

ఈజిప్టు రాజు కలకు హజ్రత్ యూసుఫ్ (అలై) చెప్పిన భావాన్ని మనమంతా విన్నాము. ఏడేళ్ళు పంటలు బాగా పండుతాయి, తర్వాత ఏడేళ్ళు కరువు. కాని ఆయన కల భావం చెప్పి ఊరుకోలేదు. ఏం చేయాలో కూడా చెప్పారు. కోసిన పంటలో తినడానికి కావలసిన కొంచెం మాత్రమే తీసి, మిగిలినది వెన్నుల్లోనే ఉంచమన్నారు. కరువు కాలంలో నిల్వను వాడుకున్నా కొంత భద్రపరచి ఉంచాలని కూడా ఆయన మాటల్లో ఉంది. గింజను వెన్నులోనే ఉంచితే పురుగు పట్టదని వ్యాఖ్యాతలు రాశారు. అంటే దాచమనడమే కాదు, చెడిపోకుండా దాచే విధానం కూడా ఒక ప్రవక్త నోట మనకు అందింది.

దీన్ని మన సంపాదనకు అన్వయించి చూద్దాం. ఒక సోదరుడు సీజనులో పెట్రోలు ఖర్చు పోను రోజుకు 900 రూపాయలు ఇంటికి తెస్తున్నాడనుకుందాం. నెలకు 26 రోజులకు 23,400 రూపాయలు. మామూలు నెలల్లో ఆ ఇల్లు 14,000తో గడిచేదైతే, సీజనులో కూడా 14,000తోనే గడపాలి. మిగిలేది నెలకు 9,400, రెండు నెలలకు 18,800. అంటే పని పూర్తిగా ఆగిపోయినా ఒక నెల పది రోజులు ఎవరి ముందూ చేయి చాచనవసరం లేదు. ఇది పెద్ద సంపద కాదు. అయినా, వేరే పని వెతుక్కోవడానికి ఊపిరి తీసుకునే సమయాన్ని ఇస్తుంది.

వెన్నులో దాచడం ఈ రోజుల్లో ఎలా? ఫోనులో చెల్లింపులు చేసే ఖాతాలోనే డబ్బు ఉంచితే అది పురుగు పట్టిన గింజతో సమానం. ఏ రోజుకారోజు కరిగిపోతుంది. ఫోనుకు జోడించని వేరే ఖాతాలో వేయండి, లేదా ఇంట్లో అమ్మీ చేతికో భార్య చేతికో ఇవ్వండి. మన ఆడవాళ్ళు బియ్యం డబ్బాలో దాచిన డబ్బు ఎన్ని ఇళ్ళను కాపాడిందో మనకు తెలియనిది కాదు.

'రేపటి కోసం దాచడం తవక్కుల్‌కు విరుద్ధం కదా' అని కొందరు ధార్మిక యువకులు అనుకుంటారు. బనూ నజీర్ తోటల ఆదాయం నుంచి దైవప్రవక్త (సఅసం) తన కుటుంబానికి ఏడాది గ్రాసం విడిగా ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆయనను మించిన తవక్కుల్ ఎవరికుంది?

ఇక్కడ మరో విషయం గమనించాలి. మన రమజాన్ సౌర సంవత్సరంలో ప్రతి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మన దేశంలో మార్చి మొదట్లో ఉపవాసాలు మొదలయ్యాయి. ఆ తర్వాతి ఏళ్ళలో ఫిబ్రవరి, ఆపైన జనవరి. అంటే పార్సిళ్ళ పని పడిపోయే నెలల్లోనే ఇఫ్తార్, పండుగ బట్టలు, ఫిత్రా ఖర్చులు వచ్చే కాలం ఇది. అక్టోబరులో డబ్బు చేతిలో ఉన్నప్పుడే ఈ లెక్క వేసుకున్న ఇల్లు నిశ్చింతగా ఉపవాసాలు పాటిస్తుంది. పండుగ బట్టల విషయంలో మాత్రం పిల్లలకు తీసి, పెద్దలు ఉన్న మంచి బట్టలు ఉతికి కట్టుకుంటే పండుగకు ఏ లోటూ రాదు. ఉన్నవాటిలో మంచివి ధరించడమే సున్నత్, కొత్తవి కొనడం షరతు కాదు.

అప్పు, వడ్డీ, యాప్‌లు

పని మొదలుపెట్టే రోజునే చాలామంది చేసే పొరపాటు వాయిదాలపై కొత్త బండి తీసుకోవడం. రెండు నెలల పని కోసం మూడేళ్ళ వడ్డీ వాయిదాలు నెత్తిన వేసుకోవడం ధర్మం సంగతి అలా ఉంచినా, లెక్క ప్రకారం కూడా తెలివైన పని కాదు. పాత బండి కొనండి, అన్న బండి అడగండి, బండి అవసరం లేని గోదాము పని ఎంచుకోండి.

రెండో ప్రమాదం ఫోనులోనే ఉంది. జనవరిలో చేతిలో డబ్బు ఆడనప్పుడు 'ఐదు నిమిషాల్లో అప్పు' అంటూ యాప్‌లు పిలుస్తాయి. 2020 చివర్లో ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. వడ్డీ తినేవాడిని, ఇచ్చేవాడిని, దాని పత్రం రాసేవాడిని, సాక్షులను అందరినీ దైవప్రవక్త (సఅసం) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు (ముస్లిం). ఇచ్చేవాడు కూడా ఆ జాబితాలో ఉన్నాడని మరువరాదు.

ఇప్పటికే అప్పులో ఉన్నవారు దాక్కోవద్దు. అప్పిచ్చినవాని దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి గడువు అడగాలి, కొత్త గడువును కాగితం మీద రాసుకోవాలి. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే ఇంకా మేలని సూరె బఖరలో అల్లాహ్ అప్పిచ్చినవారిని ఆదేశించాడు. కిరాణా కొట్టు నడిపే సోదరులు, ఇల్లు అద్దెకిచ్చిన హాజీ సాహెబులు ఈ ఆయతు తమ గురించేనని గుర్తించాలి.

సీజను చివరి రోజుల్లో మరో పరీక్ష ఎదురవుతుంది. వినియోగదారులు ఇచ్చిన నగదు సాయంత్రం వరకు డెలివరీ చేసేవాని జేబులోనే ఉంటుంది. 'ఎలాగూ తీసేస్తారు, నా బకాయి ఎగ్గొట్టినా ఎగ్గొడతారు' అన్న ఆలోచనతో ఆ డబ్బులో చేయి పెట్టడం అమానత్‌లో ఖియానత్. మన బకాయికి మార్గం అడగడం, ఫిర్యాదు చేయడం, చేతిలో ఉన్న పరాయి సొమ్ము కాదు.

హజ్రత్ మూసా (అలై) మద్‌యన్ చేరినప్పటి పరిస్థితి చూడండి. ఊరు కాని ఊరు, చేతిలో పైసా లేదు, పని లేదు. బావి దగ్గర ఇబ్బంది పడుతున్న ఇద్దరు ఆడపిల్లల మేకలకు నీళ్ళు తోడిపెట్టారు. కూలీ అడగలేదు. నీడలోకి వెళ్ళి తన ప్రభువును తన అవసరం తీర్చమని వేడుకున్నారు. కొద్దిసేపటికే పిలుపు వచ్చింది. పని దొరికింది, ఆశ్రయం దొరికింది, వివాహం జరిగింది. ఆయనను పనిలో పెట్టుకోమని సిఫారసు చేసిన అమ్మాయి చెప్పిన గుణాలు రెండే: బలం, నమ్మకం. ఐడీ ఆగిపోయినవాని దగ్గర మిగిలే పెట్టుబడి ఇదే. లెక్క తేడా లేకుండా బయటకు వచ్చినవానికి మందుల ఏజెన్సీలో, కొరియర్ ఆఫీసులో, కిరాణా హోల్‌సేల్ దుకాణంలో పని ఇప్పించడానికి పాత హబ్‌లోనివారే మాట సాయం చేస్తారు.

అడగడం ఎప్పుడు ధర్మసమ్మతం?

తాడు తీసుకుని అడవికి వెళ్ళి కట్టెల మోపు వీపున తెచ్చి అమ్ముకోవడం ప్రజలను యాచించడం కంటే మేలని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు (బుఖారీ). యాచనకు వచ్చిన ఒక అన్సారీ దుప్పటిని, గిన్నెను రెండు దిర్హములకు వేలం వేసి, ఒకదానితో ఇంటికి ఆహారం, మరోదానితో గొడ్డలి కొనిపించిన సంఘటన అబూదావూద్‌లో ఉంది. దాని ఉల్లేఖన పరంపర గురించి కొందరు హదీసువేత్తలు బలహీనత పేర్కొన్నారు, అయితే కట్టెల మోపు హదీసు ప్రామాణికమైనదే, రెండింటి సారాంశం ఒక్కటే. కాబట్టి పార్సిల్ పని పోయినవాడు ఫిబ్రవరి, మార్చిలో పెళ్ళిళ్ళ వంటల దగ్గర, ఎండలు మొదలయ్యాక కూలర్ల మరమ్మతు, పండ్ల బండి, రమజాన్‌లో ఖర్జూరం, హలీం దుకాణాల దగ్గర పని చేయడంలో ఏ చిన్నతనమూ లేదు. 'డిగ్రీ చదివి పండ్లు అమ్మడమా' అనే బంధువులు ఇంటి అద్దె కట్టరు. దావూద్ (అలై) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే తిన్నారు.

అయినా దారి దొరకని పరిస్థితి వస్తే? అప్పుడు అడగడం పాపం కాదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ ఖబీసా (రజి) హదీసు ప్రకారం ముగ్గురికి అడిగే అనుమతి ఉంది: ఇతరుల కోసం పూచీ పడినవాడు, ఆపద వచ్చి ఆస్తి నాశనమైనవాడు, పేదరికానికి గురై, తన వారిలోని ముగ్గురు వివేకవంతులు ఆ సంగతి ధ్రువీకరించినవాడు. ఈ మూడో షరతు మన మస్జిదు కమిటీలకు గొప్ప మార్గదర్శకం. వీధుల్లో అడుక్కునే అవసరం రాకుండా ముగ్గురు పెద్దలు ఇంటికి వెళ్ళి విచారించి సాయం చేయవచ్చు.

జకాత్ గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే అపోహలు ఎక్కువ. 'వాడికి బండి ఉంది, ఫోనుంది, వాడు జకాత్‌కు ఎలా అర్హుడు?' అని ప్రశ్నిస్తారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం నివసించే ఇల్లు, తిరిగే వాహనం, వృత్తి పనిముట్లు మనిషి ప్రాథమిక అవసరాల్లోకి వస్తాయి. ఇవి పోను, అప్పులు తీసివేసిన తర్వాత, అతని దగ్గర నిసాబ్ విలువ, అంటే సుమారు 612 గ్రాముల వెండి ధర మేరకు మిగులు లేకపోతే అతను జకాత్ పుచ్చుకోవచ్చు. భార్య దగ్గరున్న నగలు భార్య సొత్తు, అవి భర్త లెక్కలోకి రావు. అప్పుల్లో మునిగినవారిని సూరె తౌబాలోని ఎనిమిది వర్గాల్లో విడిగా పేర్కొనడం గమనార్హం.

తండ్రి కొడుక్కి, కొడుకు తండ్రికి జకాత్ ఇవ్వరాదు, పోషణ బాధ్యత వారిపై ఎలాగూ ఉంది. కాని పని పోయిన తమ్ముడికి అన్న ఇవ్వవచ్చు, మేనల్లుడికి మేనమామ ఇవ్వవచ్చు. అందులో దానం పుణ్యం, బంధుత్వం నిలిపిన పుణ్యం రెండూ ఉన్నాయి. ఇచ్చేటప్పుడు 'ఇది జకాత్' అని నోటితో చెప్పనవసరం లేదు, ఇచ్చేవాని సంకల్పం చాలు. పిల్లలకు పండుగ కానుక అని చేతిలో పెట్టండి. ఒకటి రెండు ముద్దల కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు కాదు, చాలినంత లేకున్నా ఎవరి దృష్టికీ రానివాడే అసలు పేదవాడని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. కంపెనీ పేరున్న రంగుల చొక్కా తొడుక్కుని తిరిగిన కుర్రవాణ్ణి చూసి ఎవరు పేదవాడనుకుంటారు?

అష్అరీల దుప్పటి

యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారి గురించి బుఖారీ, ముస్లింలలో ఒక హదీసు ఉంది. యుద్ధ ప్రయాణంలో తిండి తగ్గినా, మదీనాలో కుటుంబాల ఆహారం కొరవడినా వారు తమ దగ్గర ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అన్న భావంతో దైవప్రవక్త (సఅసం) వారిని మెచ్చుకున్నారు.

ఒక మొహల్లాలో ఇరవై మంది డెలివరీ పనివారు ఉన్నారనుకుందాం. సీజనులోని 60 రోజులు ఒక్కొక్కరు రోజుకు 50 రూపాయలు పక్కన పెడితే ఒక్కొక్కరికి 3,000, మొత్తం 60,000 రూపాయలు. జనవరిలో ఐడీ ఆగినవారికి ఇందులోంచి వడ్డీ లేని అప్పు, ప్రమాదానికి గురైనవారికి సాయం ఇవ్వవచ్చు. రిజిస్టరు రాయాలి, ఇద్దరు సాక్షులుండాలి, ఎవరు తీసుకున్నారో బయట చెప్పుకోకూడదు. మా వైపు ఇళ్ళలో చీటీలు మామూలే కనుక ఒక హెచ్చరిక: పాట పాడి తక్కువకు ఎత్తుకునే చీటీలో వడ్డీ ఉంది. అందరూ సమానంగా వేసి వంతులవారీగా పూర్తి మొత్తం తీసుకునే చీటీలో అది లేదు.

ఇంట్లో ఇల్లాలు కుట్టుమిషను, టిఫిన్ల పని చేసి సంసారం లాగుతుంటే భర్త దాన్ని అవమానంగా తీసుకోరాదు, ఆమె కూడా దెప్పిపొడవరాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సతీమణి జైనబ్ (రజి) తన సంపాదన భర్తపై, తన పోషణలోని అనాథలపై ఖర్చుచేయవచ్చా అని అడిగించినప్పుడు రెండు పుణ్యాలు లభిస్తాయని జవాబు వచ్చింది.

హక్కుగా వచ్చేవి

ప్రభుత్వం నుంచి వచ్చేవాటిని నిర్లక్ష్యం చేయడం తవక్కుల్ కాదు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 16 నుంచి 59 ఏళ్ళ అసంఘటిత కార్మికులు ఆధార్‌తో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల సంక్షేమ నిధికి ఇవ్వాలంటోంది. పేరు నమోదు లేనివానికి ఇవేవీ అందవు. గోదాములో కాంట్రాక్టరు ద్వారా పనిచేసినవారు తమ పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు, జీతం చీటీలు భద్రపరచుకోవాలి. రెండు నెలల పనికి కోసిన డబ్బయినా అది మీ డబ్బే.

చివరగా, ఈ రంగంలో కాంట్రాక్టు తీసుకుని యువకులను పనిలో పెట్టే మన సోదరులకు ఒక మాట. కూలివాని చెమట ఆరకముందే కూలీ ఇవ్వాలన్న హదీసు మీ ఆఫీసు గోడమీద అందంగా రాసి ఉండవచ్చు. పనిచేయించుకుని కూలీ ఇవ్వనివానికి వ్యతిరేకంగా ప్రళయదినాన తానే వాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించిన హదీసె ఖుద్సీ కూడా బుఖారీలో ఉంది. కంపెనీ నుంచి బిల్లు రాలేదని నెలల తరబడి తిప్పడం, చివరి వారం కూలీని 'షార్టేజీ' పేరుతో రుజువు లేకుండా కోయడం జులుమ్. వేతనాల కోడ్ ప్రకారం కూడా తొలగించిన ఉద్యోగి బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. సీజను ముగుస్తుందని మీకు ముందే తెలుసు గనుక పదిహేను రోజుల ముందే ఆ పిల్లలకు తేదీ చెప్పండి, వారు వేరే పని చూసుకుంటారు. పోయిన సీజను బకాయిలు మీ పుస్తకంలో ఇంకా ఉంటే, జకాత్ లెక్క వేయడానికి ముందు అవి తీసి ఎవరివి వారికి పంపండి. అది మీ సొమ్ము కాదు, దాని మీద జకాత్ ఇచ్చినా అది మీది కాదు.